నూరుసార్లు కడిగిన నెయ్యి

ఎండాకాలంలో మెత్తటి వస్తువేదైనా తెచ్చి పార్సెల్ కట్టమంటే నాకు ఒళ్ళు మండేది. అల్ ఖోబర్‌లోని అజీజియాలో, మనవాళ్ళ సామాను ఇండియాకూ, సౌదీలోని మిగతా ఊళ్ళకూ పంపే కార్గో దుకాణంలో డబ్బాలు కట్టడం నా పని. రగ్గులు కట్టాను, టీవీలు కట్టాను, పిల్లల సైకిళ్ళు ఏ నట్టుకానట్టు విప్పి కట్టాను. నా చేతి మీదుగా వెళ్ళిన గాజు సామాను పగిలిందన్న మాట ఒక్కనాడూ రాలేదు. పగిలేదాన్ని ఎలా కాపాడాలో తెలుసు, కారేదాన్ని ఎలా కాపాడాలో తెలుసు. కరిగేదాన్ని మాత్రం ఈ దేశంలో జూన్ నెలలో దేవుడు కూడా కాపాడలేడని నా నమ్మకం. కారు తలుపు పిడి పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనే ఎండ మరి.

అంతకుముందు నేను కౌంటర్లో కూర్చునేవాణ్ణి. నితాఖాత్ వచ్చి, దుకాణంలో ఇంతమంది సౌదీలు ఉండి తీరాలన్నాక, నా కుర్చీలో ఒక సౌదీ పెద్దమనిషి కూర్చున్నాడు. నేను టేపూ కత్తెరా పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళాను. కొన్నాళ్ళు తెగ గొణుక్కున్నాను. తర్వాత చూస్తే నా నోటికి వెనక గదే నయమనిపించింది. కౌంటర్లో ప్రతివాడితోనూ మర్యాదగా మాట్లాడాలి. డబ్బాలతో ఆ బాధ లేదు, ఎంత తిట్టినా పడి ఉంటాయి.

మా దుకాణం పైన రెండో అంతస్తులో ఒక గోదావరి కుటుంబం ఉండేది. ఆయన ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. ఇద్దరు ఆడపిల్లలు. ఆయన భార్య నన్ను అన్నయ్యా అనేది, నేను చెల్లె అనేవాణ్ణి. మాది జగిత్యాల వైపు. నా మాట వింటే ఆమెకు నవ్వు, ఆమె "ఆయ్" వింటే నాకు నవ్వు. మెట్ల మీద ఎదురుపడినప్పుడల్లా నేను కావాలనే ఆయ్ అని పలకరించేవాణ్ణి.

ఈ చెల్లె ఇంట్లోనే చర్మానికి రాసుకునే క్రీము చేసేది. క్రీమంటే రంగూ సెంటూ ఉన్నది కాదు, నూరుసార్లు కడిగిన నెయ్యి. వెన్న కాచి నెయ్యి చేసి, అది పేరుకున్నాక రాగి పళ్ళెంలో వేసి, చల్లటి నీళ్ళు పోసి అరచేత్తో గుండ్రంగా రుద్దేది. ఆ నీళ్ళు వంపేసి కొత్త నీళ్ళు పోసేది. మళ్ళీ రుద్దడం, మళ్ళీ వంపడం. అలా నూరుసార్లు. రుద్దగా రుద్దగా పచ్చటి నెయ్యి కాస్తా తెల్లబడి, వాసనా జిడ్డూ పోయి, అప్పుడే తీసిన వెన్నకన్నా మెత్తగా తయారయ్యేది. కాలినచోటా పగిలినచోటా రాస్తే చల్లగా లోపలికి దిగేది.

మొదట్లో నేను ఎగతాళి చేశాను. గిన్నెలు కడిగేవాళ్ళను చూశాను గానీ నెయ్యి కడిగేవాళ్ళను చూడలేదని అన్నాను. ఆమె నా చెప్పుల్లోంచి బయటికి కనబడుతున్న పగిలిన మడమల్ని చూసి, ఒక చిన్న డబ్బా నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. అది అయిపోకముందే నేనే పైకి వెళ్ళి, తలుపు కొట్టి, ఇంకో డబ్బా అడిగాను. అడిగేటప్పుడు నా మొహం చూసి ఆమె పిల్లలు కిసుక్కున నవ్వారు.

చలికాలంలో ఆమె క్రీముకి రియాద్ నుంచి కూడా ఆర్డర్లు వచ్చేవి. నేనే కట్టి పంపేవాణ్ణి. ఉగాది దాటిందంటే మాత్రం బంద్. ఎండల్లో పంపితే విరిగిపోతుందని ఎవరడిగినా ఇచ్చేది కాదు. కాస్త తేనెమైనం కలిపితే ఎండకు గట్టిగా నిలబడుతుందని నేనే సలహా ఇచ్చాను. ఒకసారి అలాగే చేసి చూసింది. నిలబడింది, నిజమే. రాసుకుని చూడమని నాకిచ్చింది. రాసుకుంటే కొవ్వొత్తి రుద్దుకున్నట్టుంది. ఆ మాటే చెప్పాను. "పగిలిన చేతి మీద కొవ్వొత్తి రుద్దితే ఎలా ఉంటదన్నయ్యా?" అని, ఆ ముద్దంతా తీసి చెత్తబుట్టలో పడేసింది. అమ్ముకునేవాళ్ళు ఎవరైనా ముందు నిలవ చూసుకుంటారు. ఈమె నిలవ పోయినా సరే, చేతికి నొప్పి తగలకూడదనేది. ఇంత మొండిది ఏం వ్యాపారం చేస్తుందని పైకి విసుక్కున్నాను గానీ, లోపల ముచ్చటేసింది.

అంతలో లెవీ వచ్చింది. కుటుంబాన్ని దగ్గర పెట్టుకున్నవాళ్ళు మనిషికి ఇంతని ప్రతి నెలకూ కట్టాలి. పనివాళ్ళ తలకు ఇంతని కంపెనీలు కట్టేది వేరే. మొదటి ఏడు అందరూ ఎలాగో నెట్టుకొచ్చారు. రెండో ఏడు అది ఇంకా పెరుగుతుందనేసరికి అజీజియా ఖాళీ అవడం మొదలైంది. బడికి సెలవులివ్వగానే కుటుంబాలకు కుటుంబాలు ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని వెళ్ళిపోతున్నాయి. మా దుకాణానికి అది పండగ. నాకు మాత్రం ఆ డబ్బాలు కట్టబుద్ధి అయ్యేది కాదు. గోడ మీంచి పీకిన పిల్లల బొమ్మలు, పిడి ఊడిన కుక్కర్లు, ఇంకా సగం ఉన్న కారప్పొడి డబ్బాలు, అన్నీ కట్టమనేవాళ్ళు. చెల్లె వాళ్ళు కూడా ఆలోచించుకుని, ఆయన ఇక్కడే బ్యాచిలర్ గదిలో ఉండేట్టు, ఆమే పిల్లలూ ఇంటికి వెళ్ళిపోయేట్టు నిర్ణయించుకున్నారు. రంజాన్ పండగ సెలవులు అయిపోయే రోజుకి టికెట్లు తీశారు.

సరిగ్గా అప్పుడే హఫర్ అల్ బాతిన్ నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు.

తమ్ముడంటే మా చిన్నమ్మ కొడుకు. తాపీ పని చేస్తాడు. నేనే వీసా చూసి పిలిపించుకున్నాను. అక్కడొక కంపెనీ క్యాంపులో ఉంటాడు, గదిలో అందరూ మన కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్ళే. వాడికి సిమెంటు పడలేదు. అరచేతులు ఎండిపోయి, గీత గీతకూ పగిలి, తాపీ పట్టుకుంటే నెత్తురు వచ్చేది. క్లినిక్కులో మందిచ్చారు, గ్లౌజులు లేకుండా సిమెంటు ముట్టుకోవద్దన్నారు. దురద తగ్గింది గానీ పగుళ్ళు మూసుకోలేదు. గ్లౌజు తొడిగితే లోపల చెమటకు భగ్గుమంటున్నాయని ఏడ్చేవాడు. వాళ్ళ ముదీర్, అంటే మేనేజరు, మొదట ఊరుకున్నాడు. లెవీ పెరిగాక ఆయన మాట మారింది. ప్రతి మనిషి మీదా కంపెనీ కట్టాలి, పనికి రాని మనిషి మీద ఎందుకు కట్టాలన్నాడు. పండగ సెలవులు అయ్యాక పిలుస్తాను, తాపీ పట్టి చూపిస్తే ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్టు, రెన్యువల్, లేదంటే ఎగ్జిట్ అని తేల్చేశాడు.

"అన్నా, చేతులు సూపియ్యుమంటుండు. ఏం సూపియ్యాలె నేను?" అన్నాడు మా వాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ముదీర్ మీద, ఆ సిమెంటు మీద, గ్లౌజులిస్తే పెట్టెలో దాచుకుని వట్టి చేతుల్తో పనిచేసిన మా వాడి మీద కూడా. కోపంలో వాణ్ణే నాలుగు తిట్టి ఫోన్ పెట్టేశాను. వాడికి పెళ్ళి కుదిరి ఉంది, ఇల్లు పునాదుల్లో ఉంది. తిన్నగా పైకి వెళ్ళి చెల్లె తలుపు కొట్టాను.

ఇల్లంతా విప్పిన మంచాలూ మూటలూ. సంగతి విన్నాక, ఎండల్లో పంపను అనే మాట ఆమె ఎత్తనే లేదు. వచ్చేటప్పుడు వెన్న పట్టుకురమ్మని అక్కడికక్కడే భర్తకు ఫోన్ చేసింది. మర్నాటి సాయంత్రానికి ఒక ప్లాస్టిక్ సీసా నిండా తెల్లటి క్రీము కిందికి తెచ్చింది. రుద్దీ రుద్దీ ఆమె కుడి చెయ్యి పైకి లేవడం లేదు. "ఎడం చేత్తో ఇస్తన్నానని ఏమీ అనుకోకన్నయ్యా" అంది. నేను రెండు చేతులతో తీసుకున్నాను.

తమ్ముడి క్యాంపుకి మా దుకాణం బండిలో ఆవకాయ, పొడులు, అప్పడాల డబ్బా ఒకటి వెళ్తోంది. దాని నడుమ పాత తువ్వాలు చుట్టి సీసా పెట్టాను. ముందు ఏసీ దగ్గర పెట్టుకోమని బెంగాలీ డ్రైవరుకి హిందీలో గొంతు పోయేలా చెప్పాను. జీ భాయ్ అన్నాడు. తీసుకెళ్ళి వెనక రేకుల బండిలోనే వేశాడు. మందు పంపుతున్నానని మా వాడికి ఫోన్లో చెప్పి, ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

డబ్బా అందాక వాడు ఫోన్ చేశాడు. ఆవకాయ బ్రహ్మాండంగా ఉందన్నాడు. అందరూ కడుపునిండా తిన్నామన్నాడు. మందు కోసం డబ్బా అంతా వెతికారట, కనబడలేదట, అన్న పెట్టడం మరిచిపోయి ఉంటాడని అనుకున్నారట. ఆ తర్వాత కాస్త మొహమాటపడుతూ అసలు సంగతి చెప్పాడు.

"నెయ్యి గూడ పంపింది గదనే ఆ గోదావరి అక్క. మంచిగ లేదని కాదు గని వాసన లేదు. ఆమెకు ఎవలో కల్తీది అమ్మిండ్రు."

దారిలో ఎండకు క్రీము కరిగి, నీళ్ళు అడుక్కి చేరి, నెయ్యి పైకి తేలింది. మందంటే మా వాడి లెక్కలో గొట్టంలో ఉండేది. ఆవకాయ పక్కన సీసాలో నెయ్యి కనబడితే మనవాళ్ళు ఇంకేమనుకుంటారు? వేడన్నంలో ఆవకాయ కలిపి దాని మీద పోసుకున్నారు. అడుగున నీళ్ళేమిటని ఒకాయనకు అనుమానం వచ్చిందట. ఆయన అడుగుది కదలకుండా పైన తేటగా ఉన్నది వంచి అందరికీ వడ్డించాడట, అంత జాగ్రత్తగా.

కడిగిన నెయ్యి కడుపులోకి పోకూడదంటారు. నేను భయపడుతూ పైకి వెళ్ళి చెల్లెకు చెప్పాను. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుని, ఎవరికైనా కడుపులో ఎలా ఉందో ముందు కనుక్కోమంది. అందరూ దుక్కల్లా ఉన్నారని తేలాక నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ మూటల మీద కూలబడిపోయింది. నేనైతే భుజం పడిపోయేలా చేసినదాన్ని అన్నంలో పోసుకున్నారని తెలిస్తే జన్మలో వాళ్ళ మొహం చూసేవాణ్ణి కాను. ఆమె కళ్ళు తుడుచుకుని, పాపం వాళ్ళు ఇంటి నెయ్యి తిని ఎన్నాళ్ళయిందో అంది. మళ్ళీ వెన్న కాచింది.

రెండోసారి అది నా పరువు సమస్య అయింది. చేపలొచ్చే థర్మాకోల్ పెట్టె సంపాదించాను. నీళ్ళ సీసాలు గడ్డకట్టించి, వాటి మధ్య క్రీము సీసా ఇరికించి, గాలి కూడా దూరకుండా టేపు వేశాను. సీసా మీద తినొద్దు అని తెలుగులో ఇంతేసి అక్షరాలతో రాశాను. పెరుగూ మజ్జిగా వేసుకుని హఫర్ దాకా తిరిగే చల్లటి బండి నడిపే పాకిస్తానీ ఒకతను నాకు తెలుసు. తమ్ముడి చేతుల సంగతి చెప్తే, ఆయన ఆ పెట్టెను పెరుగు డబ్బాల మధ్య పెట్టుకుని వెళ్ళి, ఉపవాసం నోటితో క్యాంపు గేటు దగ్గర నిలబడి, మా వాడి చేతికే అందించి వచ్చాడు. పైసా పుచ్చుకోలేదు. ప్యాకింగంటే ఇదీ అని నేను చెల్లె ముందు కాలరెగరేశాను.

మా వాడు పెట్టె విప్పి ఫొటో పంపాడు. చూసి నా మొహం మాడిపోయింది. క్రీము మంచుకు ఆనుకుని రాయిలా గడ్డకట్టి, విప్పాక కరిగి, నీళ్ళు ఒకవైపూ రవ్వరవ్వగా నెయ్యి ఒకవైపూ అయింది. ఎండకు విరిగేది మంచుకు కూడా విరుగుతుందని నాకేం తెలుసు? తినొద్దు అని రాసిన సీసా చుట్టూ గదిలోవాళ్ళంతా చేరి, ఇప్పుడు దీన్ని రాయాలా పారబోయాలా అని చూస్తున్నారట. నేను చేతులెత్తేశాను. పండగ దగ్గర పడుతోంది. మా వాడు ఫోన్లో మాట్లాడటం కూడా తగ్గించేశాడు.

చెల్లె సామాను కట్టే రోజు వచ్చింది. వెనక గదిలో నేను ఒక్కొక్కటే కాగితం చుట్టి డబ్బాలో పెడుతుంటే ఆమె పక్కన నిలబడి చూస్తోంది. రాగి పళ్ళెం నా చేతికి వచ్చింది. ఆమె అరచెయ్యి తిరిగీ తిరిగీ దాని మధ్య భాగం అద్దంలా మెరుస్తోంది.

"అది ఇలాగియ్యన్నయ్యా" అంది. "నెయ్యిని ఎండేం చేస్తది? కరుగుద్ది, మళ్ళీ పేరుకుంటది. పాడయ్యేది కడిగిన కడుగే. ఆ కడిగేదేదో అక్కడే కడుక్కోమందాం."

నాకు చిరాకేసింది. పొద్దంతా ఇటుకలూ సిమెంటూ మోసే మొగాళ్ళు కూర్చుని నూరుసార్లు నెయ్యి కడుగుతారా? అసలు పగిలిన చేతుల్తో మా వాడు ఎలా రుద్దుతాడు? ఆ మాటే గట్టిగా అడిగాను.

"ఆ గదిలో ఆ అబ్బాయివి తప్ప ఇంకెవరికీ చేతుల్లేవా?" అంది ఆమె.

నేనింతసేపూ సీసా గురించీ పెట్టె గురించీ ఆలోచిస్తున్నాను. పళ్ళెం ఇచ్చేస్తే ఊళ్ళో మరి నీకెలా అని అడిగాను. ఇంకోటి కొనుక్కుంటానంది గానీ, నా చేతికిచ్చే ముందు దాన్ని కొంగుతో ఒకసారి తుడిచింది.

నా జన్మలో అంత తేలికైన పార్సెల్ కట్టలేదు. రాగి పళ్ళెం, పాత దుప్పటి, రెండు సీసాల నెయ్యి. ఒకటి చేతులకు. రెండోది అన్నంలోకి. ఆ రెండోది ఆమె గుర్తుపెట్టుకుని మరీ కాచింది. ఏది దేనికో కనబడేట్టు అన్నంలోకి దానికి ఎర్ర గుడ్డ కట్టింది. బండి వెనకే వేసుకోమని ఆ బెంగాలీ డ్రైవరుకి నేనే చెప్పాను.

రంజాన్ కాబట్టి పని వేళలు మారి మధ్యాహ్నాలు వాళ్ళంతా గదిలోనే ఉంటున్నారు. చెల్లె తన ఫోన్‌ని ఖాళీ అల్మారాలో నిలబెట్టి వీడియో కాల్ చేసింది. అవతల కింద పరిచిన పేపర్ల మీద రాగి పళ్ళెం, చుట్టూ బనియన్లతో మగవాళ్ళు. అందరిలోకీ పెద్దాయన, అప్పుడు నెయ్యి తేర్చి వడ్డించినాయనే, పళ్ళెం ముందు కూర్చున్నాడు. మా వాడు పక్కన మంచం మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని తల వంచుకున్నాడు. చెల్లె వాడికి లెక్కపెట్టే పని చెప్పింది. ఇఫ్తారుకి పంచిన ఖర్జూరాల గింజలు కడిగి వాడి ముందు పోశారు, కడుగుకొకటి పక్కన పెట్టడానికి.

పెద్దాయన నీళ్ళు పోసి చెయ్యి పెట్టగానే చెల్లె "లాభం" అంది. అవతల నవ్వులు లేచాయి. వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా లాభం అనడం వాళ్ళ ఊళ్ళలోనూ ఉన్నదే. గోదావరిలో కూడా గట్లనే అంటరా అని ఎవరో అడిగారు. అప్పటిదాకా పరాయి ఆడమనిషి ముందు బిగుసుకుని ఉన్నవాళ్ళంతా కాస్త సర్దుకుని కూర్చున్నారు.

మూడో కడుగు కాకముందే నెయ్యి కరిగి నీళ్ళ మీద తేలిపోయింది. పెద్దాయన చెయ్యి పైకెత్తి బిక్కమొహం వేశాడు. ఏం నీళ్ళు పోశారని చెల్లె అడిగింది. నల్లా నీళ్ళన్నారు. ఈ దేశంలో ఎండాకాలం నల్లా తిప్పితే మిద్దె మీది ట్యాంకులోంచి సలసల కాగే నీళ్ళొస్తాయి. నేనైతే అక్కడే నోరు పారేసుకునేవాణ్ణి. ఆమె మాత్రం తప్పు తనదేనన్నట్టు, "నేను చెప్పాల్సింది బాబాయిగారూ" అని, తాగే నీళ్ళ కూలర్లోంచి పట్టుకురమ్మంది. నెయ్యి మళ్ళీ పేరుకునేదాకా ఫోన్ ముందే కూర్చుని పిల్లల బట్టలు మడత పెట్టింది. మళ్ళీ లాభం దగ్గర్నుంచి మొదలుపెట్టారు.

ఒకాయన బలమంతా పెట్టి పళ్ళెం తోమినట్టు రుద్దాడు. అలా కాదు, మణికట్టు తిప్పాలని ఆమె తన చెయ్యి గాలిలో గుండ్రంగా తిప్పి చూపించింది. పెద్దాయన కాసేపు ఆ చెయ్యినే చూశాడు. "గిలాబు నున్నగ తీసినట్టు. గంతే కదా బిడ్డా?" అన్నాడు. గిలాబంటే గోడకు చేసే ప్లాస్టరు. గోడను నున్నగా తీసే మణికట్టు వాళ్ళకు పుట్టుకతో వచ్చినట్టే కదా. ఇక ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఒకరి చెయ్యి నొప్పి పుడితే ఇంకొకరు జరిగి కూర్చున్నారు. నీళ్ళు మోసేవాళ్ళు మోశారు. మా వాడు గింజ పక్కన పెడుతూ లెక్క చదువుతుంటే, ఇటు చెల్లె పిల్లలు కూడా వంత పాడారు. మధ్యలో నెట్టు పోయింది. మళ్ళీ కలిసేసరికి లెక్క చాలా దూరం పోయింది, ఎవరూ ఆపలేదు. కాసేపటికి మాటలు తగ్గాయి. తెల్లగైతుంది, తెల్లగైతుంది అని ఎవరో మెల్లగా అన్నారు. చెల్లె అల్మారా దగ్గరికి వంగి చూసి, ఇంకా అవ్వలేదు, ఆపకండి అంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. నాకు కళ్ళు చెమర్చాయి, చెప్పడానికి సిగ్గేమీ లేదు.

నూరు పూర్తయ్యాక ఆ క్రీముని వాళ్ళే మా వాడి చేతులకు రాశారు. అప్పటినుంచి అయిపోయినప్పుడల్లా కొత్తగా కడిగేవాళ్ళు. పంపే బాధ లేదు, విరిగే బాధ లేదు. క్లినిక్కు మందు మానొద్దని, గ్లౌజులు లేకుండా సిమెంటు జోలికి పోవద్దని చెల్లె రోజూ వాడికి మెసేజ్ పెట్టేది. పగుళ్ళ అంచులు మెత్తబడ్డాయని ఒకనాడు చెప్పాడు. గుప్పిట మూసుకుంటోందని ఇంకోనాడు చెప్పాడు. అన్నంలోకి పంపిన నెయ్యికి వాసన అదిరిందని కూడా చెప్పాడు.

పండగ వచ్చి వెళ్ళింది. మా వాణ్ణి ముదీర్ పిలిచిన రోజే చెల్లె వాళ్ళ ప్రయాణం. దమ్మామ్ ఎయిర్‌పోర్టుకి నేను కూడా వెళ్ళాను. ఆమె ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఏడవలేదు, తాళం ఇచ్చేసినప్పుడు ఏడవలేదు. భర్త చెకిన్ లైన్లో పెట్టెలు తోస్తుంటే, ఫోన్ వచ్చిందా అన్నయ్యా అని నన్ను అడుగుతూనే ఉంది. లేదని చెప్పి చెప్పి నాకు విసుగొచ్చింది. అసలు ఆ విసుగు నా భయం.

పెట్టెలు వెళ్ళిపోయి, పాస్‌పోర్టు లైను దగ్గర అందరం నిలబడి ఉండగా ఫోన్ మోగింది. మా వాడే. ముదీర్ ముందు తాపీ పట్టాడు. గోడ మీద ఇంత మేర గిలాబు చేసి చూపించాడు. ముదీర్ గోడ చూడలేదట, వాడి చేతులే తిప్పి తిప్పి చూశాడట. రెన్యువల్ చేస్తానన్నాడు. ఇది చెప్తూ వాడు ఏడుస్తున్నాడు, నేను ఎందుకేడుస్తున్నవ్‌రా అని తిడుతూ ఏడుస్తున్నాను.

చెల్లె నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "మాటలొద్దు తమ్ముడూ, చెయ్యి చూపించు" అంది.

వాడు కెమెరా ముందు అరచెయ్యి చాపాడు. పగుళ్ళు ఉన్నచోట లేత రంగు గీతలున్నాయి, అంతే. ఆమె ఫోన్ దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్క వేలూ చూసింది. అంతలో పక్కనుంచి ఇంకో చెయ్యి వచ్చింది. పెద్దాయనది. రుద్దీ రుద్దీ తమ చేతులు కూడా మెత్తబడ్డాయని, సెలవుకి ఇంటికి పోతే ముసలమ్మ ఈ చెయ్యి ఎవరిదని అడుగుతుందేమోనని ఆయన అంటుంటే వెనక అందరూ నవ్వుతున్నారు. నాది చూడు, నాది చూడు అంటూ ఒకరి తర్వాత ఒకరు చేతులు చాపారు. బొబ్బలెక్కి, గరుకుతేలి, సిమెంటు తినేసి ఉండాల్సిన చేతులు. ఫోన్ నిండా అవే.

అప్పుడు ఏడ్చింది ఆమె. ఏడుస్తూనే, నెయ్యి కడిగిన ఆ కుడిచేతి వేలితో ఫోన్ మీద ఒక్కొక్క చేతినీ తాకుతూ, "లాభం, రెండు, మూడు" అని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. లైను కదిలింది. అమ్మా రా అని పిల్లలు కొంగు పట్టి లాగుతున్నారు. లెక్క పూర్తయ్యేదాకా ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు.